ఐసుగదిలో సీసా

"బావా, నిజం సెప్పు. జిలేబీ తిన్నావా, లేదా?"

"నీ మీదొట్టు. తినలేదు."

"నా మీద ఒట్టెయ్యకు. నీ కాలి మీద ఎయ్యి."

గవర్రాజు కాలు వెనక్కి లాక్కోబోయాడు. సూర్యకళ మడమ పట్టుకుని ముందుకి లాగింది. కుడికాలి బొటనవేలికి పుండు. సీతమ్మధారలో షుగరుకీ థైరాయిడ్‌కీ చూసే ఆస్పత్రి అది. ఆమె అక్కడ నర్సు. గవర్రాజు ఆమె అప్ప, అంటే అక్క, చిలకమ్మ మొగుడు. అందుకని మిగతా రోగుల దగ్గర మింగేసే మాటలేవీ ఈ మనిషి దగ్గర మింగవలసిన పని లేదు.

వానలకి ముందు అది పుండు కాదు, గీత. ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ జారి తగిలింది. షుగరు దిగితే మానేది. షుగరేమో దిగనని భీష్మించుకు కూర్చుంది. డాక్టరు దేవీప్రసాద్ గారు వచ్చినప్పుడల్లా ఇన్సులిన్ పెంచుతూ పోయారు. పన్నెండు యూనిట్లతో మొదలైంది ముప్పై ఆరుకి వచ్చింది. ఇవాళ మాత్రం పెంచలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"వచ్చే నెల దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలి. లేకపోతే పాదం దాకా పాకుతుంది."

బొటనవేలు లేనివాడు తడి నేల మీద ఐసు దిమ్మ ఎత్తుకుని ఎలా నిలబడతాడని ఎవరూ అడగలేదు. గవర్రాజు వేలిని ఒకసారి కదిపి చూసుకున్నాడు, ఇంకా తనదేనా అన్నట్టు.

"అందరూ నన్నే అంటారు," అన్నాడు కట్టు కట్టించుకుంటూ. "అన్నం తగ్గించీసేను. టీలో సక్కెర మానీసేను. మీ అప్ప అంబలి పోస్తంది, కిక్కురుమనకండా తాగుతన్నాను. ఇంకేటి సెయ్యమంటావు?"

"మరి షుగరు ఆకాసంలోంచి దిగిందేటి?"

"నాకేటి తెలుసు! సూది పొడుసుకోమన్నారు, పొడుసుకుంటన్నాను."

గుమ్మంలో నిలబడ్డ చిలకమ్మ అందుకుంది. "నమ్మకే. మొన్న ఈ మనిసి సొక్కా జేబు నిండా సీమలు. తీపి లేకండా సీమలెందుకొస్తాయి?"

"సీమలకి కూడా నాను పూసీ పడాలా?" అని గవర్రాజు గోడకేసి తిరిగిపోయాడు.

సూర్యకళకి ఒళ్లు మండింది. వాళ్లింట్లో చక్కెర డబ్బా, బెల్లం దిమ్మ, చివరికి తేనె సీసా కూడా తనే సంచిలో వేసుకుని పట్టుకుపోయింది. తిండి గురించి చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. ఒంట్లో ఇన్సులిన్ చేసే క్లోమం నీకు అలిసిపోయింది బావా, బయటనుంచి ఇస్తన్నాం, నువ్వు దానికి అడ్డం పడకు అని బతిమాలింది. ఇంకెలా చెప్పాలి? పట్టుకోవాలి. చేతిలో జిలేబీతో పట్టుకుంటే తప్ప ఈ మనిషి ఒప్పుకోడు.

సెలవు రోజు పొద్దున్నే ఆటో ఎక్కి హార్బరుకి పోయింది. ఫ్యాక్టరీ ఎదురుగా టీకొట్టు. కొట్టు వెనకాల ఖాళీ చేపల ట్రేలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. వాటి చాటున ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది. ఐసు నలిపే మిషను గోల. తట్టలెత్తుకున్న ఆడవాళ్లు ఆమెని కిందకీ పైకీ చూసి పోతున్నారు.

గవర్రాజు ఫ్యాక్టరీలోంచి కుంటుకుంటూ వచ్చాడు. ఇడ్లీ పొట్లం తీసుకున్నాడు. చక్కెర లేని టీ చెప్పాడు. జిలేబీ పళ్లెం వైపు కన్నెత్తి చూడలేదు. ఆమెకి అందుకూ కోపమే వచ్చింది. పొట్లం గట్టు మీద పెట్టి మళ్లీ లోపలికి పోయాడు. తినవలసినవాడు తినకుండా ఎక్కడికి పోతున్నాడు? దొరికేడు అనుకుంది. వెనకాలే నడిచింది.

ఐసు దిమ్మలు దాచే గది తలుపు తెరిచి ఉంది. లోపలనుంచి తెల్లటి చలి బయటకి కారుతోంది. గవర్రాజు దిమ్మల సందులో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి చిన్న సీసా తీశాడు. చొక్కా గుండీ విప్పి దాన్ని చంకలో పెట్టుకుని, చెయ్యి దగ్గరకి నొక్కి, గుడ్లు పొదిగే కోడిలాగ కదలకుండా నిలబడ్డాడు.

"ఏటి బావా అది?"

"ఓలమ్మ!" ఎగిరిపడ్డాడు. "నువ్వేటే ఇక్కడ?"

"సంకలో ఏటది?"

"మందే. గడ్డకట్టీసింది. కరగాల గదా, లేపోతే సూదిలోకి రాదు."

సూర్యకళ సీసా లాక్కుని వెలుతురుకి పట్టింది. సగం కరిగింది. విరిగిపోయిన పాలలాగ తెల్లటి ముక్కలు గాజుకి అంటుకుని ఉన్నాయి.

"దీన్ని ఐసుగదిలో ఎవడు పెట్టమన్నాడు?"

"నువ్వే! సల్లగా పెట్టమన్లేదేటి? ఇంటికాడ ఫ్రిజ్‌ది అదేం సల్లదనం? మీ అప్ప గంటకోసారి తలుపు తీసి నిలబడతాది. కరెంటు పోతాది. ఇక్కడ కరెంటు పోతే జనరేటరు. తెల్లారకండా డ్యూటీకొస్తాను, టిఫినిక్కడే, సూదిక్కడే. వంజరం సేప వారం రోజులుంటాది ఈ గదిలో. కన్ను మసకబారదు. అంత సేపే ఉంటే ఇంత సీసా ఉండదా?"

"సేప సచ్చింది బావా!" సూర్యకళ గొంతు మిషను గోలని దాటిపోయింది. "మందు బతికుండాల! గడ్డకడితే ఇన్సులిన్ సచ్చిపోతాది. ఇన్నాళ్లూ నువ్వు పొడుసుకుంది నీళ్లు. ఉత్త నీళ్లు!"

గవర్రాజు సీసా వైపు చూశాడు. తరవాత వేలి వైపు చూశాడు.

"మరి జిలేబీ తిన్నావా తిన్నావా అని నన్ను సంపీసేరు గదే ఇన్నాళ్లూ. సీసా ఎక్కడ పెడతన్నావని ఒక్కరడిగేరా?"

ఆ మాట నిజమయ్యేసరికి సూర్యకళకి కోపం ఇంకా పెరిగింది. అక్కడే నిలబడి చిలకమ్మకి ఫోను కొట్టింది. నీ మొగుడికి బుద్ధి లేదంది, నీకూ లేదంది, ఫ్రిజ్ ఎందుకు కొన్నారంది. మందుల కొట్లో కొత్త సీసా కొనమంది, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టమంది, గడ్డకట్టే పై అరలో పెట్టేవో చంపేస్తానంది, డాక్టరు గారితో మాటాడి తను ఫోన్ చేసేదాకా సూది ఎయ్యొద్దంది, బావని రేపు డ్యూటీకి పంపొద్దంది. మళ్లీ మొదటినుంచీ తిట్టింది. ఇన్ని తిట్ల మధ్య ఏ ముక్క చిలకమ్మ చెవిన పడిందో, ఏది పడలేదో చూసుకోలేదు.

డాక్టరు గారు ఆ రోజంతా ఊళ్లో లేరు. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో అడుగు పెట్టగానే చెప్పింది. ఆయన ముఖంలో రంగు మారింది.

"అయితే ఆ ముప్పై ఆరు యూనిట్లూ చచ్చిన మందుకి పెంచుకుంటూ పోయినవన్నమాట. మంచి మందుతో అంత వేస్తే షుగరు అడుగంటిపోతుంది, మనిషి పడిపోతాడు. మళ్లీ పన్నెండుకి దించండి. ముందు ఫోన్ చెయ్యండి."

చిలకమ్మ వెంటనే ఎత్తింది. గొంతులో గర్వం. "ఇందాకే ఏసీసేనే. నానే ఏసేను. ముప్పై ఆరు, సుక్క తగ్గకండా."

"నాను ఫోన్ సేసేదాకా ఆగమన్నాను గదా!"

"ఎప్పుడన్నావు? తిట్టేవు అంతే."

"టిఫిన్ తిన్నాడా?"

"ఒక్క ఇడ్లీయే పెట్టేను. రెండోది తీసీసేను. జాగర్తగా ఉండాల గదా మరి."

సూర్యకళ నుదురు గోడకి ఆనించింది. "ఎలాగున్నాడిప్పుడు?"

"సెమట్లు పట్టీసేయి. సేతులు వణుకుతన్నాయి. ఊరికే నవ్వుతన్నాడే. ఏటో ఎర్రిగా."

"అప్పా, సక్కెర నీళ్లలో కలిపి పట్టించు. ఎంటనే!"

"సక్కెరా!" చిలకమ్మ అరిచింది. "డబ్బా నువ్వే గదే పట్టుకుపోయేవు! బెల్లం పట్టుకుపోయేవు! తేనె కూడా మిగల్చలేదు! ఈ కొంపలో తీపన్నదే లేదు!"

"పక్కింటికి పరిగెట్టు!"

ఫోనులో దూరంగా గవర్రాజు గొంతు. నాలుక మందమైన గొంతు. "బియ్యం... బియ్యం డబ్బాలో..."

తరవాత రేకు మూత నేల మీద పడ్డ చప్పుడు. బియ్యం ఒలికిన చప్పుడు.

"ఓరి నీ దుంప తెగ! బెల్లం అచ్చులు! కాగితంలో సుట్టి మరీ!"

"తిట్లు తరవాత అప్పా! నలిపి నీళ్లలో కలుపు. మాటాడతన్నాడా? మింగగలడా?"

"మింగుతన్నాడు. అలవాటే గదా ఎదవకి."

సూర్యకళ గ్లూకోజు, షుగరు చూసే మిషను పట్టుకుని వెళ్లేసరికి గవర్రాజు గోడకి జారబడి కూర్చుని ఉన్నాడు. మీసానికి బెల్లం పాకం. నేల మీద బియ్యం. మిషనులో అంకె ఇంకా తక్కువే. గ్లూకోజు నీళ్లు కలిపి తనే గ్లాసు పట్టుకుని తాగించింది. పక్కన కూర్చుని నాలుగు ఇడ్లీలు తినిపించింది. అంకె పైకి వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేలు గుచ్చింది.

"జిలేబీ తినలేదన్నాను," అన్నాడు గవర్రాజు, తెలివి పూర్తిగా వచ్చాక. "బెల్లం సంగతి నువ్వడగలేదు."

సూర్యకళ అతన్ని కొట్టలేదు. రోగిని కొట్టకూడదు గనక.

మరుసటి నెల దేవీప్రసాద్ గారు పుండు అంచులు చూసి, షుగరు కాగితం చూసి, కళ్లద్దాలు తియ్యకుండానే, "ఎర్రగా కొత్త చర్మం వస్తోంది. వేలు ఉంచుదాం," అన్నారు. చిలకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గవర్రాజు వేలు కదిపి చూసుకున్నాడు.

కట్లు కట్టే గదిలో సూర్యకళ చెప్పవలసిన మాట చెప్పకతప్పలేదు. తన నోటితోనే చెప్పవలసి రావడం ఆమెకి మహా చిరాకుగా ఉంది.

"జేబులో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క పెట్టుకో. సెమట్లు పట్టి ఒణుకొస్తేనే తినాల. ఊరికే కాదు. సెమట్లు పడితేనే. అర్తమయిందా?"

గవర్రాజు ముఖం విప్పారింది. "దిమ్మలు మోసేవోణ్ని గదే మరదలా. నాకు రోజూ సెమట్లే."

సూర్యకళ కట్టు ముడి కసిగా బిగించబోయింది. పుండున్న వేలని గుర్తొచ్చి, విప్పి, మళ్లీ వదులుగా కట్టింది.