ఇన్సాఫ్ అన్న మాట

నేను ఒక సినిమాకు ఆఖరి రీలును. కైరోలో పుట్టాను. ఇస్త్రీ పని చేసుకునే ఇన్సాఫ్, కొట్టే మొగుణ్ణి వదిలించుకోవాలని ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి, ఓడిపోయి ఇల్లు చేరడమే ఆ సినిమా కథ.

దర్శకురాలు సుహైర్ రాసుకున్న కథలో ఇన్సాఫ్ తిరిగి రాదు. నిర్మాత ఒప్పుకోలేదు.

"ఆడది ఇంటికి తిరిగొస్తేనే జనం కళ్లు తుడుచుకుని లేస్తారు" అన్నాడు.

సుహైర్ మూడు రోజులు పోట్లాడింది. నాలుగో రోజు నటి చెవిలో ఏదో చెప్పి కెమెరా తిప్పించింది. నటి గుమ్మంలో ఆగి, మొగుడి ముఖంలోకి చూస్తూ గొణిగినట్టు ఒక మాట అని లోపలికి నడిచింది. నిర్మాతకు ఆ నడక చాలింది.

పరదేశాలకు పంపేటప్పుడు ఎవరో ఆ మాట కింద ఇంగ్లీషులో 'నన్ను క్షమించు' అని అచ్చేశారు. ఊరూరా చూసినవాళ్లు "పాపం, అరబ్బు ఆడవాళ్లు!" అని నిట్టూర్చి కాఫీకి వెళ్లారు. గొంతు ఉండీ వినేవాళ్లు లేక పదహారేళ్లు తిరిగాను.

హైదరాబాదులో ఒక ఫిల్మ్ క్లబ్బు వాళ్లు నన్ను ఆడించారు. లెక్చరర్ వసుంధర గారు లేచి, "చివరికి క్షమాపణ అడిగి లొంగిపోయింది. వాళ్ల సినిమా ఆడదాన్ని అంతవరకే రానిస్తుంది" అన్నారు. అందరూ తలలూపారు.

టీ గ్లాసులు తీస్తున్న ఓబులమ్మ ఆగింది. రాయచోటి మనిషి. పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది.

"క్షమించమని యాడ అనింది మేడమ్?"

"కింద రాసుంది కదమ్మా."

"రాసింది నాకు రాదు. ఆ యమ్మ చెప్పింది ఇన్నా. 'పిల్లోల్ల కోసరం వచ్చినా, నీకు పెండ్లాన్ని గాదు' అనింది. కువైట్‌లో నేను పనిజేసిన ఇంట్లో టీవీ నిండా ఈ కైరో సినిమాల మాటలే."

వసుంధర గారు నన్ను మళ్లీ వేయించారు. ఈసారి ఎవరూ కింద అక్షరాలు చదవలేదు. ఓబులమ్మ చెబుతుంటే విన్నారు. ఇన్సాఫ్ గుమ్మంలో ఆగేసరికి ఓబులమ్మ చెప్పడం ఆపి తెర దగ్గరికి నడిచింది.

"ఏమైందమ్మా?"

"ఏం ల్యా మేడమ్. ఒకతూరి ఆ ఇంట్లోంచి పారిపోయినా. పాస్‌పోర్టు వాళ్ల కాడుండె. మూడో దినం మళ్లా ఆడికే పోయినా. వాకిట్లో నిలబడితే నాకు నోరు రాల్యా. ఈ యమ్మ అనగలిగింది."

ఇప్పుడు నేను కైరోలో, పాత సినిమాలు దాచే ఒక చల్లని గదిలో ఉన్నాను. బొమ్మలు వెలిసిపోతున్నాయి. పంపే ముందు వసుంధర గారు ఓబులమ్మ చెప్పిన మాటను తెలుగులో రాసి నా డబ్బా మూతకు అంటించారు. వచ్చినవాళ్లు ఆ గుండ్రటి అక్షరాలను ముచ్చటగా తడిమి చూసి వెళతారు. ఇక్కడ తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరు.