ముచ్చిక తీసిన పండు

భాగ్యవతికి మామిడిపండంటే ప్రాణం. అలాంటి మనిషి, ఇంటి చుట్టూ తోట పెట్టుకుని, పోయిన ఏడాది ఒక్క పండు నోట పెట్టలేదు.

ముసునూరు దాటాక తోటల మధ్య వాళ్ళ పల్లె. ఆ ఊరి చర్చిలో కోతల పండగ వరికి కాదు, మామిడికి చేస్తారు. మే నెలలో ఒక ఆదివారం ప్రతి ఇంటి పెద్దా తన తోటలో మొదట మగ్గిన పండ్లు గంపకెత్తుకుని వెళ్ళి, తన చేతులతో పాస్టరుగారి ముందున్న ప్రార్థన బల్ల ముందు పెడతాడు. పెట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ పండు రుచి చూడరు. పోయినేడు ఆ ఆదివారానికి భాగ్యవతి మొగుడు సువర్ణరాజు, మెడ కింద గడ్డతో, హైదరాబాదులో పరీక్షలకి పడి ఉన్నాడు.

"నువ్వు పెట్టినా దేవుడు పుచ్చుకుంటాడమ్మా," అని పాస్టరుగారు చెప్పి చూశారు.

"ఆయన పుచ్చుకుంటాడండి. నాకే గొంతు దిగదు," అంది భాగ్యవతి. కాయంతా మార్కెట్టుకి తోలేసింది. పక్కింటివాళ్ళు రసాలు పిండుకుంటుంటే ఆ వాసనకి తలుపేసుకుని కూర్చునేది.

సువర్ణరాజు ఈ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. అసలే మాటలు తక్కువ. కానీ ఈ ఏడు పండగ ఏ ఆదివారమో తెలిసిన దగ్గర్నుంచి అతని కళ్ళు ఆసుపత్రి గోడ మీది క్యాలెండరుని వదల్లేదు.

ఆసుపత్రి నూజివీడు దగ్గర మిషన్‌వాళ్ళది. అక్కడ అతనికి ఎక్కించే మందు పసుపుపచ్చగా, అచ్చం రసాల రంగులో ఉంటుంది. గడ్డ మీద పని చేసినంత సేపు మంచిదే. పని అయ్యాక ఒంట్లోంచి దిగిపోవాలి. దిగకుండా నిలిస్తే కిడ్నీలకి ముప్పు. అందుకని నెత్తురులో మందు తగ్గిందని తేలేదాకా ఇంటికి పంపరు. ఆ తేల్చే ల్యాబు విజయవాడలో ఉంది. పొద్దున్నే జీపులో నెత్తురు పోతే సాయంత్రానికి ఫోనొస్తుంది. ఆదివారం జీపు లేదు.

ఈ మధ్య మైలవరం పిల్ల వినీల ఒక చిన్న మీటరు తెచ్చింది. యూనివర్సిటీలో దాని మీదే పరిశోధన చేస్తోంది. చూడ్డానికి షుగరు మీటరులాగే ఉంటుంది. వేలు పొడిచి, నెత్తురు చుక్క పట్టీకి అంటిస్తే ఒంట్లో మందెంతుందో అంకె చూపిస్తుంది. ఇంకా పరీక్షలోనే ఉంది కాబట్టి డాక్టరు షాలోమిగారు చివరి మాటకి ల్యాబునే నమ్ముతారు. అయితే మీటరులో అంకె, ఇంటికి పంపొచ్చని పెట్టుకున్న గీత కిందికి దిగినవాళ్ళ నెత్తురునే ఆ రోజు జీపెక్కిస్తారు.

శుక్రవారం నాటికి సువర్ణరాజు అంకె గీతకి బెత్తెడు పైన ఉంది. "రేపటికి దిగిపోద్ది బాబాయిగారూ, ఎల్లుండి మీరు చర్చిలో ఉంటారు," అంది వినీల. ఆయన తల ఊపి మళ్ళీ క్యాలెండరు కేసి చూశాడు.

శనివారం తెల్లారగానే భాగ్యవతి వార్డులోకి వచ్చింది. చంకన దుప్పటి కప్పిన గంప. నర్సు జోజమ్మ చూడకుండా మంచం కిందికి తోసింది.

"చెట్టునే మగ్గినయ్. చర్చికి ఏ చెట్టువి పెట్టాలో నువ్వే ఏరాలి. నే ఏరితే మళ్ళీ వంకలు పెడతావు."

సువర్ణరాజు మొహం విచ్చుకుంది. వరిగడ్డి పక్కకి తీసి చెట్టుకొక రసం చొప్పున అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తొడిమ దగ్గరి ముచ్చిక గిల్లి, ముందు వచ్చే సొన కార్చేసి, చూపుడువేలి మీదికి ఒక బొట్టు రసం పిండాడు. కిటికీ వెలుతురులో రంగు చూశాడు, చిక్కదనం చూశాడు. వాసన చూశాడు. వేలు మాత్రం నాకలేదు. చర్చికి పెట్టందే రుచి చూడకూడదు కదా. తువ్వాలుకి తుడుచుకుని ఇంకోటి తీశాడు. భాగ్యవతి గుటకలు మింగుతూ కిటికీలోంచి బయటికి చూసింది.

నాలుగు పండ్లు చూసి, పక్కన పెట్టి, గడ్డి కప్పేసరికి వినీల వచ్చింది. స్పిరిట్ దూదితో చూపుడువేలు ఒకసారి తుడిచి, పొడిచి, చుక్క పట్టీకి అంటించింది. మీటరు కేసి చూసి నవ్వు ఆపేసింది.

"ఏంటమ్మా?" అంది భాగ్యవతి.

"పెరిగిందండి. నిన్నటికంటే ఎక్కువుంది."

జోజమ్మ డాక్టరుకి ఫోను చేసింది. కిడ్నీలు సరిగ్గా వడకట్టట్లేదేమో, సెలైను పెంచమన్నారట, విరుగుడు మందు కూడా పెంచమన్నారట, తానే వస్తున్నారట. ఇల్లు ఇప్పట్లో కాదు. బయట డ్రైవరు బసవపున్నారావు జీపు తుడుస్తూ ఈల వేస్తున్నాడు.

సువర్ణరాజు తన గురించి అడగలేదు. "భాగ్యం," అన్నాడు మెల్లగా, "ఈసారి నువ్వే పెట్టు. పెట్టి, తిను."

"తినను."

"మొండిదానా."

"నీకంటేనా?" అని పైటకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

వినీల కదల్లేదు. "మందెక్కించి ఇన్ని రోజులైంది. తగ్గకపోతే ఆగాలి గానీ, పెరగటమేంటి? ఎక్కడి నుంచొచ్చింది?" అని గొణుక్కుంది. "బాబాయిగారూ, పొద్దున ఏమన్నా తిన్నారా? నిమ్మరసం, బత్తాయి?"

"లేదమ్మా."

"మామిడిపండు?"

"తినలేదు," అన్నాడు. అది నిజమే.

వినీల చేతిలో ఇందాకటి దూది అలాగే ఉంది. పారెయ్యబోతూ ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని గోరు కింద చూసింది. పసుపుపచ్చటి గీత.

"తినలేదంటిరే!"

"తినలేదు. పిండి చూశా."

"పిండి చూసి, వేలు నాక్కుండా వదిలేశారా? లోకంలో ఎవరైనా నాకుతారండీ!"

"చర్చికి పెట్టందే నాకకూడదమ్మా," అంది భాగ్యవతి కంగారుగా, తప్పు తనదైనట్టు. జోజమ్మ వంగి మంచం కింద చూసింది. "ఓసి భాగ్యవతమ్మా! వార్డులోకి గంపా?"

వినీల మాత్రం పకపకా నవ్వుతోంది. "ఈ పట్టీలో సన్న కరెంటు పారుద్దండి. మందు తగిలితే ఆ కరెంటు పెరుగుద్ది, దాన్నిబట్టే లెక్క. మామిడిరసంలో సి విటమిన్ ఉంది చూశారూ, అది తగిలినా పెరుగుద్ది. వేలికి రసముంటే మందూ రసమూ కలిపి చెప్పేసింది నా మీటరు! సబ్బు తెండి సిస్టర్, త్వరగా!"

రెండు చేతులూ సబ్బుతో రుద్ది రుద్ది కడిగించింది. గోళ్ళు గీకించింది. ఆరబెట్టి, ఈసారి ఎడమచేతి ఉంగరపువేలు పొడిచింది. ఈలోగా బయట జీపు స్టార్టయింది.

మీటరు గుక్క తిప్పుకున్నట్టు కాసేపు ఊరుకుని అంకె చూపించింది.

"గీత కింద!" అని అరిచింది వినీల. "సిస్టర్, గీత కింద!"

అప్పటికే లోపలికొచ్చిన షాలోమిగారు రెండు అంకెలూ చూసి, సంగతి విని, పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకున్నారు. "నరం నుంచి తీసి పంపండి. ల్యాబు కూడా ఔనంటేనే ఇల్లు," అన్నారు. నెత్తురు తీయటం ఒక ఎత్తు, జీపుని ఆపటం ఒక ఎత్తు. ఎప్పుడూ అడుగు తీసి అడుగేసే జోజమ్మ, సీసా పెట్టె గుండెలకి హత్తుకుని వరండాలో పరుగెత్తింది. "ఒరేయ్ బసవపున్నారావూ! ఆగరా! గేటు దాటావంటే నీకు కాఫీ బంద్!" జీపు గేటు మధ్యలో కీచుమని ఆగింది.

సాయంత్రం విజయవాడ నుంచి ఫోనొచ్చింది. ల్యాబూ అదే మాట చెప్పింది. వినీల తన మీటరుతో సరిపోల్చుకుని ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇక నుంచి వేలు పొడిచే ముందు సబ్బుతో కడగాల్సిందేనని అక్కడికక్కడే నియమం పెట్టింది. "ఇంత మంది మీద చూశానండి, ఒక్కరూ దీని లోపం పట్టివ్వలేదు. మామిడి సీజన్లో నూజివీడు రావాల్సిందే!" అంది. వెళ్తూ వెళ్తూ ఆ పిండి చూసిన పండ్లు నాలుగూ తను పట్టుకుపోయింది. అవి చర్చికి పనికిరావు, వాళ్ళు తినరు కదా మరి.

ఆదివారం సువర్ణరాజు గంప ఎత్తుకున్నాడు. మనిషి సగమయ్యాడు, గంప నిండుగా ఉంది. చర్చి నడవ సగం దాటేసరికి గంప ఒక పక్కకి ఒరిగింది. ఇంటి పెద్దే మోయాలన్నారు గానీ ఆయన్ని ఎవరూ పట్టుకోకూడదనలేదని భాగ్యవతి వెనకాల నడుస్తూ అతని నడుము పట్టుకుంది. బల్ల ముందు గంప దించాక జనం పాట మర్చిపోయి చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు కూడా.

ఆరాధన కాగానే ఇంటికొచ్చారు. భాగ్యవతి చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చుని, పక్కనున్న పండ్ల సంచిలోంచి ఒక రసం తీసుకుంది. పిసికి పిసికి మెత్తగా చేసి, ముచ్చిక తీసి, సొన కార్చి నోట పెట్టింది. కళ్ళు మూతలు పడ్డాయి. రసం మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు. టెంక తెల్లబడేదాకా వదల్లేదు. వెంటనే రెండోది.

సువర్ణరాజుకి మందుల దెబ్బకి నోరు పూసి ఉంది, ఏ పులుపూ తగలకూడదు. ఎదురుగా స్తంభానికి ఆనుకుని ఆమెనే చూస్తున్నాడు. పోయిన ఏడాది నుంచీ ఆమె మొహంలో ఇంత వెలుతురు చూడలేదు.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

ఆమె రెండో పండు జుర్రుకుంటోంది.

"తియ్యగా ఉందా? ఈ చెట్టు పోయినేటికంటే బాగా దిగింది. పీచు కూడా తక్కువనుకుంటా. సంచిలో ఇంకా మంచివున్నయ్, అవి తీసుకోపోయావా?"

భాగ్యవతి ఒక కన్ను తెరిచింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఇన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు. ఇప్పుడే తీరిక దొరికిందా నీకు? తిననియ్యవయ్యా!"

సువర్ణరాజు ఫక్కున నవ్వాడు. సంచిలో చెయ్యి పెట్టి, తడిమి, ఒక పండు తీసి, ముచ్చిక గిల్లి ఆమెకి అందించాడు.