ఆకుపచ్చ రంగు కింద

పెద్ద చేప గొంతులో చిన్న చేప ఇరుక్కుంది. మింగలేక ఒకటి, బయటపడలేక ఒకటి, రెండూ కలిసే చచ్చాయి. వాటి మీద బురద పేరుకుని ఎప్పుడో రాయైంది. మ్యూజియంలో ఆ రాతిని అక్క ఉక్కు సూదితో పొరపొరగా గీకుతుండగా చెల్లెలి ఫోన్ వచ్చింది. “అక్కా, రా” అని మాత్రం అంది.

సూది సంచీలో పడేసుకుని వెళ్ళింది.

పడగ్గదిలో చెల్లెలు నేల మీద కూలబడి ఉంది. కనుబొమ చీలి, రక్తం మెడదాకా కారింది. గోడకు తలంత గుంట. అత్తగారు తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. కోడలికి ఇంకా గుడ్డ అందలేదు.

చెల్లెలి మొగుడు లేచి తలుపు గడియ పెట్టాడు.

“రాళ్ళ వదిన వచ్చిందీ! అరవకండి, వీధిలో పరువు పోతుంది. మొదటిసారి చెయ్యి జారింది, అంతే.”

“చెయ్యి జారితే గ్లాసు పడుతుంది. గోడ పగల్దు.”

“మొదటిసారేనక్కా, ఒట్టు,” అంది చెల్లెలు. “పొద్దుట్నుంచీ ఆయనకి తలనొప్పి.”

“నొప్పి ఆయనకి, పగిలిన తల నీకా? పద ఆస్పత్రికి. అట్నుంచటే మనింటికి.”

“సంసారమన్నాక సర్దుకోవాలమ్మాయ్,” అంది అత్తగారు, తుడవడం ఆపకుండా.

“ఈ ఒక్కసారికీ వదిలెయ్యక్కా. మళ్ళీ చేస్తే నేనే వచ్చేస్తా.”

అక్క గోడ వైపు తిరిగింది. అప్పుడు గుంట అంచు కళ్ళబడింది. రాతి కథ తెలియాలంటే విరిగిన అంచునే చూడాలి. పైన ఆకుపచ్చ, పెళ్ళికి చెల్లెలు ముచ్చటపడి వేయించుకున్న రంగు. దాని కింద మీగడ రంగు. ఆ కింద గుంటలు పూడ్చే తెల్లటి లప్పం ముద్ద, ఇవాళ్టి దెబ్బ తగలని వైపుకి పాకి ఉంది.

సూది తీసి అటువైపు గీకింది.

“ఏయ్, ఇదేమన్నా నీ మ్యూజియమా?”

లప్పం పెచ్చుగా ఊడి చేతిలో పడింది. దాని వెనక ఇంకో గుంట. చుట్టూ సాలెగూడులా పగుళ్ళు. అన్నీ పాత గచ్చులోనే ఆగిపోయాయి, పై రంగులోకి ఒక్కటీ రాలేదు. అంటే రంగుకంటే పగుళ్ళు ముందువి. పెచ్చు లోపలివైపు పొడుగాటి వెంట్రుక ఒకటి, రాతిలో చిక్కిన ఆకులా అతుక్కుని ఉంది.

“ఇది నీ తల కాదే. నీ ఆకుపచ్చకి ముందు, దాని ముందు రంగుకీ ముందు.”

చెల్లెలు ఆ వెంట్రుకనే చూస్తూ ఉండిపోయింది. అతని మొదటి భార్య మెట్ల మీద జారిపడి పోయిందని సంబంధం మాట్లాడినప్పుడే చెప్పారు.

“అత్తయ్యా, ఆవిడ జారింది మెట్ల మీదేనా?”

తడిగుడ్డ ఆగింది.

“లప్పం నేనే పెట్టాను,” అంది అత్తగారు గోడతో చెబుతున్నట్టు.

“నోర్ముయ్ ముసల్దానా!” కొడుకు తన్నిన తన్నుకి ఆమె వెళ్ళి తలుపు దగ్గర పడింది. అడ్డం వెళ్ళిన అక్క గొంతు దొరకబుచ్చుకుని గోడకి అదిమాడు. ఆమెకు కళ్ళు చీకట్లు కమ్మాయి. చేతిలోని సూదిని అతని ముంజేతిలో ఎముకకి తగిలేదాకా దించింది. అతను కేకపెట్టి వదిలాడు. వదిలిన చేత్తోనే మూతి మీద గుద్దాడు. ఆమె పన్ను విరిగింది.

మళ్ళీ చెయ్యెత్తాడు. చెల్లెలు ముక్కాలిపీట ఎత్తి అతని మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అతను కూలాక ఇంకొకటి వేసింది.

“చెయ్యి జారిందండీ,” అంది రొప్పుతూ.

అత్తగారు పాక్కుంటూ వెళ్ళి గడియ తీసింది.

అక్క నోట్లో రక్తం ఉమ్మి, పెచ్చుని కొంగులో మూటగట్టుకుంది, వెంట్రుక రాలిపోకుండా. “ముందు ఆస్పత్రికి వెళ్దాం.”

“ముందు పోలీసుల దగ్గరికే,” అంది చెల్లెలు. “ఈ రక్తం ఎండకముందే.”