మేనత్త ఎదుట వాదన

నాలుగో ఫలితం సాధించలేదు అని రాస్తే సరిపోతుందా, లేక మొత్తం వాక్యం రాయాలా, న్యాయమూర్తి ఎదుట నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి అని, ఆ వాక్యం తను రాసిందే, లా కోర్సు పూర్తయ్యేసరికి పిల్లలకు ఏమేం వచ్చి తీరాలో ఆరు వాక్యాల్లో రాసిమ్మని డీన్ అడిగితే ఒక్క ఆదివారంలో రాసిచ్చింది, ఏడాది చివర ఒకే పరీక్ష పెట్టి ముంచేసే రోజులు పోయాయనీ, వారం వారం పరీక్ష పెడితే ఎవరు ఎక్కడ వెనకబడ్డారో ముందే తెలిసిపోతుందనీ బల్ల గుద్ది మరీ చెప్పింది మకెరెతా, ఇప్పుడు ఈ ఫారంలో సెరెయిమా పేరు పక్కన ఫెయిలవడానికి కారణం రాయాలి, పెన్ను కదలడం లేదు, కిటికీ బయట సువా వాన పొద్దుట్నించీ తెరిపివ్వలేదు.

పొద్దున వచ్చింది ఆ పిల్ల, వెళ్లొస్తానని చెప్పడానికి, ఫెయిలయ్యేసరికి తన స్కాలర్‌షిప్ వేరేవాళ్లకి ఇచ్చేశారు కదా, కాందావు దీవికి ఓడ మధ్యాహ్నమే, తలుపు దగ్గర నేల మీదే కూర్చుంది, కుర్చీ ఉందిగా అంటే ఫర్వాలేదత్తా అంది, అత్తా అనొద్దని మొదటిరోజే అందరి ముందూ చెప్పింది మకెరెతా, ఇక్కడ మేనత్తలూ మేనకోడళ్లూ లేరు, నేను మీ టీచర్ని, అంతే, అని, ఎందుకంటే సెరెయిమా వాళ్ల నాన్న తనకు వరసకు తమ్ముడనీ, ఇద్దరిదీ ఒకే ఊరనీ తెలిసినప్పట్నించీ స్టాఫ్ రూములో ఎత్తిపొడుపులు, మీ మేనకోడలికేం లెండి, నోరు విప్పకపోయినా పాసే అని తోటి లెక్చరర్ తేవితా టీ కలుపుకుంటూ నవ్వడం, ఆ మాట పడకూడదనే మిగతావాళ్లకి ఒక మార్కు తగ్గించే చోట ఈ పిల్లకి రెండు తగ్గించింది, ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరికేం లాభం.

వారం వారం అదే తంతు, క్లాసులో పెట్టే ఉత్తుత్తి కోర్టులో తను న్యాయమూర్తిగా కూర్చోవడం, ఆ పిల్ల వాదించడానికి లేచి సగంలోనే వంగిపోవడం, చూపు నేల మీద, గొంతు నూతిలోంచి వచ్చినట్టు, పైకి చూడు, గట్టిగా చెప్పు, చెప్పినకొద్దీ ఇంకాస్త వంగేది, పదికి రెండు, మూడు, మళ్లీ రెండు, ప్రతి మార్కు కిందా ఎర్ర సిరాతో అదే వాక్యం, అంత శ్రద్ధగా రాసింది గాని ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందమ్మా అని అడిగిందా, అడగలేదు, పొద్దున వెళ్లడానికి లేస్తూ ఆ పిల్ల ఏదో అంది, ఏమంది, మీ మీద కోపమేం లేదత్తా, ఒక్క వారం మాత్రం బాగానే వాదించాను, మీరు పని మీద నాందీ ఊరు వెళ్లిన వారం, అంది, సాకులు చెప్పకమ్మా, వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకో, అంది మకెరెతా, పెద్దవాళ్లు కూర్చుని ఉండగా తలెత్తి నడవకూడదు కదా, ఆ పిల్ల వంగుతూనే లేచి, వంగుతూనే గుమ్మం దాటింది.

నాందీ వెళ్లిన వారం అంటే ఐదో వారం, మార్కుల పట్టిక తీసింది, ఆ వారం తన బదులు బ్రిస్బేన్ నుంచి వచ్చిన ముసలి జడ్జి కాల్డర్ కూర్చున్నాడు, తొమ్మిది వేశాడు, పక్కన ఒక ముక్క, ఈ అమ్మాయి నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది అని, పెద్దాయనది జాలిగుండె అనుకుని అప్పుడు నవ్వుకుంది, తొమ్మిది కొట్టేసి నాలుగు చేసింది, కొట్టివేత పక్కన తన సంతకమే, భయమే అయితే ఆయన్ని చూసి పడాలి, ఎర్రటి మొహం, ఉరిమే గొంతు, ముక్కూ మొహం తెలియని మనిషి, ఆయన కళ్లలోకి చూసింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది, మేనత్త కూర్చుని ఉంటే ఎదుట నిలబడకూడదనీ, కళ్లలోకి చూడకూడదనీ, మాటకు మాట చెప్పకూడదనీ నేర్పే ఊరు అది, తన ఊరే, తనకీ అమ్మ నేర్పింది, సిడ్నీలో చదివిన ఆరేళ్లలో ఎక్కడో జారవిడుచుకుంది, ఏడుపొచ్చింది మకెరెతాకి, ఓడ బయల్దేరి రెండు గంటలైంది, ఆ పిల్లకి రానిదేమీ లేదు, ఎదురుగా కూర్చున్నది తనైనప్పుడే తల దించుకుంది, మిగతా లోకమంతటి ముందూ ఆ పిల్ల లాయరే.