పైకప్పు మీది కొంగలు

మలకీ, కన్సెప్టా పుట్టి పెరిగింది నిజానికి ఒకే గదిలో. లిఫీ నదికి ఉత్తరాన, జార్జి రాజుల కాలంలో ఒక ప్రభువు కట్టించుకున్న ఇటుక మేడ అది. బయటికి ఏ ఆర్భాటమూ కనపడదు. తలుపు నెత్తిన విసనకర్రలా విచ్చుకున్న అద్దం, పై అంతస్తులకి పోయేకొద్దీ పొట్టివయ్యే కిటికీలు, అంతే. డాబంతా లోపలే దాచుకున్నారు.

ఊళ్ళో ఉన్న పార్లమెంటు లండన్‌కి తరలిపోతే ప్రభువులూ దాని వెంటే పోయారు. తరవాత ప్లీడర్లు ఉన్నారు. ఆ తరవాత అద్దెలకిచ్చేవాళ్ళు కొని, పాలరాతి చలిమంట గూళ్ళు ఊడబెరికి అమ్మేసి, విందులు జరిగిన పెద్ద హాలుకి అడ్డంగా చెక్కగోడ పెట్టి రెండు కాపురాలకిచ్చారు. ఇటు మలకీ వాళ్ళు, అటు కన్సెప్టా వాళ్ళు. కప్పుకి లోపలివైపు గచ్చుతో చేసిన కొంగల గుంపుని ఆ గోడ రెండుగా కోసేసింది.

ఇద్దరూ పెళ్ళి చేసుకున్నాక కార్పొరేషన్ వాళ్ళు ఊరి చివర క్రమ్లిన్‌లో ఇల్లిచ్చారు. మొదటిరోజు కన్సెప్టా వంటింటి కుళాయి తిప్పి, కట్టేసి, మళ్ళీ తిప్పి ఏడ్చింది. ఆమె తల్లి దొడ్లోంచి పై అంతస్తుకి నీళ్ళు మోసీ మోసీ నడుం పోగొట్టుకుని చచ్చిపోయింది. మలకీ మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని చదునుగా ఉన్న కప్పుకేసి చూసేవాడు.

"చెయ్యెత్తితే తగిలేట్టుందే. ఊపిరాడటం లేదు."

"ఆడకపోతే కిటికీ తీసుకో. అక్కడ ఇంటిల్లిపాదికీ ఒక్కటే మరుగుదొడ్డి, మర్చిపోయావా?"

"అదీ గుర్తుంది. కొంగలూ గుర్తున్నాయి."

పిల్లలు ఎవరి కాపురాలకి వాళ్ళు వెళ్ళాక, ఆ వీధిలో మేడలు ఒక్కొక్కటే కూలగొడుతున్న రోజుల్లో, ఐవీ అనే సంగీతం టీచరు ఆ మేడని కొంది. అది తెలిసి మలకీ ప్రతి శనివారం వెళ్ళి, నిచ్చెనెక్కి, కొంగల మీద పేరుకున్న సున్నం పొరలు గీకేవాడు. జుట్టంతా తెల్లగా ఇంటికొచ్చేవాడు.

"ఆ పిట్టల్నే పెళ్ళాడాల్సింది నువ్వు," అనేది కన్సెప్టా.

"అడిగాను. కాదన్నాయి, నీ దగ్గరికొచ్చాను."

ఒక చలికాలం అతని మోకాళ్ళు పట్టేశాయి. మెట్లెక్కడం పోయింది. చెక్కగోడ తీసేశారని ఐవీ కబురు పంపింది. "నువ్వెళ్ళి చూసిరావే," అని బతిమాలాడు. ఆ కొంపలో మళ్ళీ కాలు పెట్టనంది. కొన్నాళ్ళకి అతను అడగడం మానేశాడు. ఆ మానెయ్యడం చూసి ఉండలేక ఆమె ఒక శనివారం మార్కెట్‌కని చెప్పి బస్సెక్కింది.

ఐవీ ఆమెని పైకి తీసుకెళ్ళి తలుపు తోసింది. కన్సెప్టాకి తమ వైపు కిటికీ ఒక్కటే తెలుసు. ఇప్పుడు నిలువెత్తు కిటికీలు మూడూ వరసగా నిలబడి వెలుగుని నేల మీద పరిచాయి. పైన ఇన్నాళ్ళూ ఆమెకి తెలిసినవి గోడ కోసి వదిలిన తోకలూ కాళ్ళూ. మెడలు సాచి, గచ్చు వదిలి ఎగరబోతున్నట్టు, కొంగలన్నీ గది నడిమికి వెళ్తున్నాయని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"ఎలా ఉంది మిసెస్ ట్యూట్?" అంది ఐవీ.

కన్సెప్టా ఒక మూలకి నడిచింది. "మా అమ్మ మంచం ఇక్కడుండేదమ్మా. ముప్పై ఏళ్ళు ఈ గదిలో బతికింది. ఒక్కసారన్నా ఈ గదిని చూడలేదు."

ఐవీ టీ తెస్తానని కిందికి వెళ్ళింది. కన్సెప్టా కోటుతోనే ఆ మూల నేల మీద కూర్చుంది. నీళ్ళ బిందెలూ దగ్గులూ లేకుండా, తల్లితో ఒక్క మధ్యాహ్నం ఇక్కడ కూర్చోగలిగితే ఎంత బాగుండు అనిపించింది. ఐవీ తెచ్చిన టీ చల్లారింది. కిటికీల్లోంచి వెలుగు తగ్గేదాకా ఆమె లేవలేదు.

ఇల్లు చేరేసరికి మలకీ గుమ్మంలో కర్రతో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి పోయావే? ఏ బస్సు కిందో పడ్డావనుకున్నా!"

"ఇంటికెళ్ళాను."

అతను ఆమె కోటుకంటిన సున్నం కేసి చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు. ఆమె పీట లాక్కుని, మందు తీసి అతని మోకాళ్ళకి రాయసాగింది.

"ముందు కిటికీల సంగతి చెప్పు," అన్నాడు మలకీ. "కొంగల దగ్గరికి తొందరపడకు."