పన్నెండు పెంకులు

వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోయి, గొంతులో ఎముక ఇరుక్కున్న కుక్కలా గురగురలాడింది.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. మోర్వెన్నా నేలమీద మోకాళ్ళూని, కింద పళ్ళెం పెట్టి, ఫిల్టరు మూత తిప్పింది.

"మళ్ళీ జేబులు చూడకుండా వేశావా?" డెన్జిల్ టోస్టుకి వెన్న రాస్తూ నవ్వాడు. "నేను చెబితే కోపం గానీ, ఒకసారి డాక్టరుకి చూపించుకో మోర్వెన్. ఈ వయసులో ఆడవాళ్ళకి మతిమరుపు మామూలేనట. రేడియోలో చెప్పారు."

ఆమె మూత ఇంకాస్త తిప్పింది. నిజమే, జేబులు చూడలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. అతని జేబుల్లోని మేకులు, రసీదులు, సగం నమిలిన పిప్పరమెంట్లు రోజూ తీసి పక్కన పెట్టింది తనే. ఆ వేలసార్లూ ఎవరికీ గుర్తులేవు. మర్చిపోయిన ఈ ఒక్కసారికి మాత్రం రేడియో సాక్ష్యం.

"రేపు పదకొండింటికి కౌన్సిల్ ఆవిడ కంచె చూడ్డానికొస్తోంది. కుంకుమపువ్వు బన్నులు చెయ్యి. రిపోర్టు బల్లమీద పెట్టాను, సంతకం పెట్టెయ్," అని డెన్జిల్ తాళాలు తీసుకుని వ్యాన్ ఎక్కాడు.

మురికినీళ్ళు పళ్ళెంలోకి కారాయి. వాటితోపాటు నాలుగు హేజెల్ కాయల పెంకులు టకటకమంటూ పడ్డాయి.

మోర్వెన్నా కూరల బుట్ట పక్కనున్న భూతద్దం అందుకుని, ఆ తడినేల మీదే కూలబడి ఒక పెంకుని కంటిదగ్గర పెట్టుకుంది. ఉడుత తింటే కాయ రెండు చెక్కలవుతుంది. మామూలు ఎలుక తింటే కన్నం లోపలి అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. ఈ కన్నం గుండ్రంగా, లోపలి అంచు గాజులా నున్నగా ఉంది. భూమ్మీద అలా తినే జీవి ఒక్కటే. డోర్‌మౌస్. బొటనవేలంత ఒళ్ళు, బంగారు రంగు బొచ్చు, ఏడాదిలో సగం నిద్ర.

బట్టలు బయటికి లాగి, పెంకుల పొడి అంటుకున్న జేబు ఎవరిదో చూసింది. డెన్జిల్ గోధుమరంగు ప్యాంటు.

కథ మొదలైంది అత్తగారి పొలం దగ్గర. అత్తగారు లవ్‌డే పెంగెల్లీకి ఊరి చివర నాలుగెకరాలుంది. అందులో ముప్ఫై నాలుగు ఇళ్ళు కట్టాలని డెన్జిల్ ప్లాను. ఇళ్ళకి దారి మాత్రం హేజెల్ చెట్లు పెరిగిన పాత రాతికట్ట కంచెని కొట్టేసి వేయాలి. డోర్‌మౌస్ రక్షిత జాతి, కంచెలో అది ఉంటే చట్టం ఒప్పుకోదు. దారి మారాలి, తొమ్మిది ఇళ్ళు ఎగిరిపోవాలి, ఏడాది ఆగాలి. ఉందో లేదో పర్యావరణ నివేదిక తేల్చాలి. ఆ నివేదిక రాయడానికి లైసెన్సు ఉన్న మనిషి ఊళ్ళో ఒక్కతే, మోర్వెన్నా.

"బయటివాళ్ళెందుకు నా పిట్టా? ఇంట్లో ఆవుండగా పాలు కొనుక్కుంటామా?" అంది లవ్‌డే ముద్దుగా కోడలితో.

ఆవు పద్దెనిమిది రోజులు వానలో తడిసింది. గబ్బిలాలు, పిట్టలు, నీటిపారుదల, మట్టి, నూట పన్నెండు పేజీలు. వారం పొడవునా ఆఫీసులో వేరేవాళ్ళ రిపోర్టులు, శని ఆదివారాలు మొగుడి రిపోర్టు, మధ్యలో వంట. ఆఖరికి అట్టమీద ఇలా వచ్చింది: 'తయారీ: డెన్జిల్ పెంగెల్లీ. సహకారం: కుటుంబ సభ్యులు.' అదేమిటంటే, "నీ పేరు చాలా పొడుగోయ్, అట్టమీద పట్టలేదు," అన్నాడు. అది చూసినప్పుడు కూడా ఆమె, పోన్లే, లోపల సంతకం నాదే కదా, అనుకుంది. ఇన్నేళ్ళూ అలా పోన్లే, పోన్లే అనుకుంటూనే గడిచాయి. పోనివ్వడం ఒక ఉద్యోగమైతే తనకి ఈపాటికి పింఛను వచ్చేది.

గత శుక్రవారం సాయంత్రం కంచె తూర్పు కొసన పన్నెండు పెంకులు దొరికాయి. ఫోను తడిసి చచ్చిపోవడంతో ఫొటో తీయలేకపోయింది. ఆదివారం పద్ధతి ప్రకారం నేలని గళ్ళుగా కొలిచి ఏరుదామని అక్కడే వదిలి, ఇంటికొచ్చి సంబరంగా చెప్పింది. డెన్జిల్ మొహం మాడింది. ఆదివారం వెళ్తే ఒక్క పెంకూ లేదు.

"వెలుతురు తగ్గాక చూశావు. అలసిపోయావు. కోరుకున్నది కనిపించి ఉంటుంది," అన్నాడు అతను జాలిగా. లవ్‌డే వంతపాడింది. "నాకూ ఆ వయసులో అంతే పిట్టా. ఓసారి పోస్టుమాన్‌ని మా మేనమామనుకుని కౌగిలించుకున్నాను."

ఆ రాత్రి మోర్వెన్నా తన బుర్రనే అనుమానించింది. ఇరవై రెండేళ్ళ పనితనాన్ని, తన కళ్ళని, అన్నిటినీ. నిజంగానే లేవేమో, సంతకం పెట్టేద్దామనుకుంది.

ఇప్పుడా నాలుగు పెంకులూ కాగితపు రుమాలులో చుట్టి, కోటు జేబులో పెట్టుకుంది. సంతకం పెట్టలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బన్నులు మాత్రం చేసింది. పిండి పిసుకుతుంటే ఆ పిండికి అంత దెబ్బ అవసరమా అని ఆమెకే అనిపించింది.

మంగళవారం పదకొండింటికి కౌన్సిల్ జీవశాస్త్రవేత్త మిసెస్ ఆడ్జర్స్ వచ్చింది. అరవై దాటిన మనిషి, బూట్లకి బురద, చేతికర్ర. లవ్‌డే మడతకుర్చీలో కూర్చుని టీ ఫ్లాస్కు కాపలా కాస్తోంది.

"వెతకండి మేడమ్," డెన్జిల్ చెయ్యి విసిరాడు. "ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క డోర్‌మౌస్ పెంకు చూపించండి, నా టోపీ తింటాను."

మిసెస్ ఆడ్జర్స్ కంచె వెంట రెండొందల గజాలు వంగి వంగి నడిచింది. వెనక్కి వచ్చి నడుం పట్టుకుని నిలబడింది.

"నిజమే మిస్టర్ పెంగెల్లీ. డోర్‌మౌస్ పెంకు ఒక్కటీ లేదు."

డెన్జిల్ భార్యకేసి చూసి కన్నుగీటాడు.

"ఉడుత పెంకూ లేదు," అందావిడ. "ఎలుక పెంకూ లేదు. పురుగు తొలిచిందీ లేదు. నవంబరు నెలలో, కాపుకాసిన హేజెల్ చెట్ల కింద, పెంకన్నదే లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన కంచె చూడలేదు నాయనా. మా అత్తగారి ముందుగది కూడా ఇలా ఉండదు. ఎవరు ఊడ్చారు?"

డెన్జిల్‌కి ఏ పెంకు ఎవరు తిన్నదో తెలియదు. అడగాలంటే భార్యని అడగాలి. అందుకని పైకి కనిపించిన కాసిని ఏరి జేబులో వేసుకుని, మిగిలినవన్నీ కలిపి ఊడ్చేశాడు.

"గాలికి..." అన్నాడు.

మడతకుర్చీ కిర్రుమంది. లవ్‌డే లేచింది.

"ఏంటమ్మా మీరనేది? నా కొడుకు ఊడ్చాడనా? వాడా? చీపురు ఏ వైపు పట్టుకోవాలో తెలీదు వాడికి! ముప్ఫై ఏళ్ళు నేనూ, పాతికేళ్ళు ఈ పిల్లా ఊడ్చి పెడితే తిరిగాడు..." ఆవిడ ఠక్కున ఆగింది. కొడుకు వైపు తిరిగింది. "ఒరే డెన్జిల్. శనివారం నా తోట చీపురు అడిగి పట్టుకెళ్ళింది ఇందుకా?"

"అమ్మా, నువ్వు కూర్చో."

"పెళ్ళానికి సాయం చేస్తున్నావనుకున్నానురా! చర్చిలో పదిమందికి చెప్పాను! చప్పట్లు కొట్టారు కూడానూ!"

మిసెస్ ఆడ్జర్స్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

మోర్వెన్నా జేబులోంచి కాగితపు రుమాలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మా వాషింగ్ మెషీన్‌లో దొరికాయి. ఆయన ప్యాంటు జేబులోవి."

ఆవిడ చూసింది. భూతద్దం అక్కర్లేకపోయింది.

డెన్జిల్ భార్యని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. గొంతు తగ్గించాడు. "మోర్వెన్, పిచ్చిదానివా? ఇది మన భవిష్యత్తు. ఒక్క మాట అను. ఆ పెంకులు వేరే చోటివని చెప్పు. నీకు మతిమరుపని ఆవిడా నమ్ముతుంది."

ఆమె అతనివైపు చూసింది. ఒక రాత్రంతా తన కళ్ళ మీద తనకే నమ్మకం లేకుండా చేసిన మనిషి. తొమ్మిది ఇళ్ళ కోసం. అంతకంటే వింతేమిటంటే, తను ఎంత తేలిగ్గా నమ్మింది! ఎలుక పంటిగాటు చూసి జాతి చెప్పగల ఆడమనిషి, పక్కలో పడుకునేవాడి అబద్ధం పోల్చుకోలేకపోయింది. ఎందుకంటే వెతకలేదు. కాపురమనే ఆ పొలంలో సర్వే చెయ్యాలని ఎప్పుడూ అనుకోలేదు.

"నాకు పన్నెండూ గుర్తున్నాయి డెన్జిల్," అంది. "ఒక్కొక్కటీ ఎక్కడుందో కూడా."

చెయ్యి విడిపించుకుని వెళ్ళి మిసెస్ ఆడ్జర్స్ కారు వెనక తలుపు తీసి, డిక్కీ అంచు మీద కూర్చుంది. "మీ దగ్గర ఖాళీ ఫారం ఉంటే ఇవ్వండి. నా పేరుతో కొత్తది రాస్తాను."

"తీరిగ్గా రాయమ్మా. నేను బన్ను తింటూంటాను," అందావిడ.

సర్వే చేసినవారు అన్న గడిలో తన పూర్తి పేరు రాసింది, పుట్టింటి పేరుతో సహా. పట్టింది. ఇంకా చోటు మిగిలింది కూడా. డోర్‌మౌస్: ఉంది. కంచె: తొలగించరాదు. అన్ని గడులూ నింపి ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చింది. స్థలంలో వన్యప్రాణులకి ఆటంకం కలిగించినవి ఏవైనా గమనించారా? వివరించండి.

అవతల అమ్మా కొడుకులు చీపురు గురించి ఇంకా పోట్లాడుకుంటున్నారు. మోర్వెన్నా అటు చూసి, తలవంచి, శ్రద్ధగా రాసింది:

'ఒక వయోజన మగజీవి. వయసు సుమారు యాభై మూడు. చీపురుతో కనిపించింది. రక్షిత జాతి కాదు.'