మౌనానికి ఎంత తగ్గిస్తారు

...ముందు నోరు విప్పినవాళ్లే ఓడిపోతారు, ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, మనోవిశ్లేషణలో ముప్పై రెండేళ్లుగా తాను చేస్తున్న పని ఇదే కదా అనుకుంది దేలియా మొయానో, మాతే టీ కోసం కాగుతున్న నీళ్ల కింద మంట తగ్గిస్తూ. దివాను మీద పడుకున్న మనిషి మాట ఆపేస్తాడు. తానూ ఏమీ అనదు. గోడ గడియారం ఒక్కటే వినపడుతుంది. కాసేపటికి ఆ నిశ్శబ్దం అతని గుండెల మీదెక్కి కూర్చుంటుంది. దాన్ని దించుకోవడానికి ఏదో ఒకటి చెప్పేస్తాడు. ముందు వాన గురించి, తర్వాత అన్నగారి గురించి, ఆ తర్వాత అసలు సంగతి. పేషెంట్లు నిశ్శబ్దాన్ని నిజాలతో నింపుతారు. ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు తగ్గింపులతో నింపుతారు. అంతే తేడా.

ఉదయం తొమ్మిదింటికి కారు ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైటులో అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ‘పాలసీ రద్దు’ అన్న మీట నొక్కింది. నిజంగా రద్దు చేసుకుందామని కోర్దొబా నగరంలో ఎవరూ ఆ మీట నొక్కరు. నొక్కితే మర్నాటిలోగా వాళ్లే ఫోన్ చేస్తారు. ఎందుకు వెళ్లిపోతున్నారని అడుగుతారు. బతిమాలతారు. ధర దిగుతుంది. ఏటా జరిగే తంతే ఇది. దేలియాకి మాత్రం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ ఎంత రాసి పంపితే అంత కట్టింది.

ఈసారి కట్టలేదు. నిన్నటిదాకా నెలకు తొంభై ఐదు వేల పెసోలు. కొత్త కాగితంలో లక్షా నలభై ఎనిమిది వేలు. లక్షా పదివేలు దాటితే తన వల్ల కాదని ఆదివారమే తేల్చుకుంది. చవక పాలసీ ఉంది కానీ దానిలో వడగళ్లకు పైసా రాదు. పన్నెండేళ్ల ఆ బూడిదరంగు కారుకు షెడ్డు లేదు, ఎండకీ వానకీ వీధిలోనే ఉంటుంది. మొన్న ఫిబ్రవరిలో వడగళ్లకు ముందు ఆకాశం పచ్చబడ్డప్పుడు, సెషన్ మధ్యలో దివాను మీద దుప్పటి లాక్కుని బయటికి పరిగెత్తింది. దాని మీద పడుకున్న పేషెంటు కూడా లేచి దిండ్లు పట్టుకుని వెనకాలే వచ్చాడు. అయినా ముందద్దం, వెనకద్దం రెండూ పోయాయి. కంపెనీ వేయించింది కాబట్టి సరిపోయింది. తన డబ్బుతో వేయించాల్సి వస్తే ఆ కారు ఇంక కదలదు. కారు కదలకపోతే గురువారాలు ఉండవు.

గురువారాలంటే సాన్ మార్కోస్. నూటయాభై కిలోమీటర్లు, కొండల మధ్య ఊరు, ఆరోగ్య కేంద్రంలో నీలంరంగు తలుపున్న గది, వరసగా తొమ్మిదిమంది పేషెంట్లు. బస్సు మధ్యాహ్నానికి చేరుతుంది, గంటకల్లా తిరిగి బయల్దేరుతుంది. నగరంలో తనలాంటివాళ్లు వీధికి నలుగురున్నారు. అక్కడ తానొక్కతే. మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క రోజు ఆసరాతో నిలబడుతున్నాయన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. పాలసీ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుతో ముగుస్తుంది. ఈరోజు బుధవారం.

ఇందాక పై అంతస్తులో బ్యూటీపార్లర్ నడిపే తీతా పంచదార కోసం దిగి వచ్చింది. చేతిలో కప్పు, జుట్టుకి రంగు, భుజాన తువ్వాలు.

“ఏమే డాక్టరమ్మా, మీట నొక్కావా?”

“నొక్కాను.”

“హమ్మయ్య. ఇప్పుడు ఫోనొస్తే ఏడు.”

“నేను ఏడవను తీతా.”

“అయితే ఎవరినైనా చంపు. మా అత్త ఇప్పటికి మూడుసార్లు చచ్చిపోయింది. ఇంటర్నెట్ కోసం ఒకసారి, కేబుల్ కోసం రెండుసార్లు. ఆవిడకేం, దుక్కలా ఉంది. మొన్న ఆదివారం మా ఇంట్లో రవియోలీ మూడు ప్లేట్లు లాగించి, ఉప్పు తక్కువైందంది.”

“నాకు వేరే పద్ధతుంది.”

“ఏంటది?”

“ఊరుకోవడం.”

తీతా పంచదార ఒలికేదాకా నవ్వింది. “ఊరుకుంటావా? ఊరుకుని నీ మొగుణ్ణి ఎక్కడో దూరాన నేఉకేన్ ఊరిదాకా పంపించావు. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల మీద పడ్డావా? పాపం వాళ్లేం చేశారే నిన్ను?”

తీతాకి కోపం తెప్పించే మాటలు మాత్రమే వచ్చు, కోపం తెప్పించే ఉద్దేశం ఉండదు. అందుకే దేలియా కప్పు మళ్లీ నింపి పంపేసింది.

ఫోన్ పదకొండుంబావుకి వచ్చింది. పదకొండు గంటల పేషెంటు రానని ముందే చెప్పాడు, గది ఖాళీగా ఉంది. దేలియా తన కుర్చీలో, దివాను తలవైపు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఫోన్‌లో స్పీకరు పెట్టి దివాను మీద ఉంచింది. చూడటానికి కొంచెం వింతగానే ఉంది. కానీ పని చేసే మనిషికి తన చోటు ముఖ్యం.

“నమస్కారం సెన్యోరా మొయానో, నా పేరు రొమీనా. మీరు పాలసీ రద్దు కోరినట్టు చూశాను. ఎనిమిదేళ్లుగా మాతో ఉన్నారు. ఇప్పుడు వెళ్లిపోవాలని ఎందుకనిపించిందో చెబుతారా?”

నలభై ఏళ్లుండొచ్చు. కొంచెం బొంగురు గొంతు, సాగదీసే కోర్దొబా యాస. దేలియాను ఆపింది గొంతు కాదు, ప్రశ్న. ఇక రానని చెప్పిన ప్రతి పేషెంటునీ తాను అడిగే ప్రశ్న అదే, దాదాపు అవే మాటల్లో. ఇప్పుడే ఎందుకు? ఏమనిపించింది? ఎవరో తన కోటు వేసుకుని ఎదురుపడినట్టుంది.

“ధర పెరిగింది,” అంది దేలియా. ఊరుకుంది.

“అర్థమైంది సెన్యోరా. మీలాంటి పాత కస్టమర్లకు పది శాతం తగ్గించగలను. నెలకు లక్షా ముప్పై మూడు వేలవుతుంది. సరేనా?”

దేలియా ఏమీ అనలేదు. ఫోన్ తెర మీద సెకన్లు నడుస్తున్నాయి. పదకొండు, పన్నెండు. నిశ్శబ్దం తనకు ఎప్పుడూ బరువనిపించలేదు. చెరువులో వెల్లకిలా పడుకున్నట్టుంటుంది, అదే మోస్తుంది.

“లైన్‌లో ఉన్నారా?”

“ఉన్నాను.”

“పదిహేను శాతం ఇవ్వొచ్చు, ఆరు నెలలపాటు. లక్షా ఇరవై ఆరు వేలు.”

పద్దెనిమిది సెకన్లు. అవతల కీబోర్డు టకటకలాడింది.

“దాంతోపాటు దారిలో కారు ఆగిపోతే లాక్కెళ్లే బండి ఉచితం. ఎన్ని కిలోమీటర్లయినా.”

బాగానే సాగుతోంది. దేలియా కాళ్లు చాపుకుంది. ఇంకో నిమిషం ఊరుకుంటే లక్షా పదిహేను, రెండు నిమిషాలకు లక్షా పది. తీతాని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉండాల్సింది. ఒక్క అబద్ధం లేకుండా, ఒక్క శవం లేవకుండా. ఇరవై సెకన్లు. ముప్పై. నలభై దాటాయి. అప్పుడు గమనించింది, అవతల కూడా ఏమీ వినపడటం లేదు. కీబోర్డు లేదు. ఊపిరి ఉంది, తీరుబడిగా. యాభై ఐదు. నిమిషం.

“లైన్‌లో ఉన్నారా?” అంది దేలియా. అనేశాక కళ్లు మూసుకుంది.

“ఉన్నాను సెన్యోరా,” అంది రొమీనా. గొంతులో నవ్వు లేదు, కానీ ఎక్కడో దగ్గర్లోనే ఉంది. “మీ ఫారంలో వృత్తి దగ్గర మనోవిశ్లేషణ అని రాశారు. రాయకపోయినా తెలిసేదే. మావిడా ఇంతే.”

“ఎవరు మీ ఆవిడ?”

“నేను సెషన్లకి వెళ్లేవిడ. పదకొండేళ్లుగా. నేను మాట ఆపితే ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. డబ్బు నాది, గడియారం ఆవిడది, మాట్లాడక ఏం చేస్తాను? ఇక్కడ మాత్రం డబ్బు మీది, గడియారం నాది. నాకు గంట లెక్కన జీతం. ఆరింటిదాకా ఇలాగే కూర్చోగలను. పక్కన వేడి వేడి రొట్టెలు కూడా పెట్టుకున్నాను.”

దేలియాకి నవ్వొచ్చింది. ఆ కుర్చీలో నవ్వడం అలవాటు లేదు, గట్టిగా వచ్చేసింది.

“మీ ఆవిడ పేరేంటి?”

“చెప్పను. మీరంతా ఒకరికొకరు తెలుసు. సరే వినండి. నా తెర మీద మూడు ఆఫర్లుంటాయి. మూడూ చదివేశాను. ఇంక మీరెంతసేపు ఊరుకున్నా నా దగ్గర ఏమీ లేదు. ఒట్టు. చివర్న ఒక ఖాళీ గడి ఉంది: ‘కస్టమర్ అడిగిన మొత్తం.’ అందులో అంకె వేసి పైకి పంపితే ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ అంకె మీ నోటినుంచి రావాలి. కాల్ రికార్డవుతోంది. మీరు చెప్పకుండా నేను వేస్తే నా ఉద్యోగం ఊడుతుంది.”

“అందరూ చెబుతారా?”

“ఎక్కడ? సగంమంది తిడతారు. మిగతావాళ్లు ఏడుస్తారు, ఇంట్లో ఎవరో ఒకరు చచ్చిపోయి ఉంటారు. ఎంతకైతే ఉంటారమ్మా అంటే, మీరే చెప్పండి, మీరే చూసి వేయండి అంటారు. నాకేం తెలుసు వాళ్లకెంత కావాలో?”

ఎంత కావాలో. దేలియా నోరు తెరిచింది, అంకె రాలేదు.

ఆశ్చర్యమే. అంకె ఉంది, ఆదివారం నుంచీ తలలోనే ఉంది. నోటిదాకా వచ్చి అక్కడ నిలబడిపోయింది. కొత్త పేషెంట్లు ఫీజెంతండీ అని అడిగితే తాను ఏమంటుంది? మీరెంత ఇవ్వగలరో ఆలోచించుకోండి అంటుంది. అది పద్ధతి అనుకుంది ఇన్నేళ్లూ, పేషెంటును గౌరవించడం అనుకుంది. వాళ్లు రెండేళ్ల కిందటి ఫీజే ఇస్తుంటే ధరలు పెరిగాయని వాళ్లకే తట్టాలని ఎదురుచూస్తోంది. తట్టలేదు. పాపం, ఎందుకు తడుతుంది? తట్టకపోతే పోయిందేముందనుకుంది. పోయింది చాలానే ఉంది. కావాలి అన్న మాట తన నోటికి ఎప్పుడు తప్పిపోయిందో గుర్తులేదు. ఎదుటివాళ్లకు ఏం కావాలో వాళ్లచేత చెప్పించడం ఎంత బాగా వచ్చో, తనకేం కావాలో చెప్పడం అంత రాదు.

భర్త రుబేన్ ఆ రోజు వంటగది గుమ్మంలో నిలబడి, నాకు వెళ్లిపోవాలనుంది అన్నాడు. ఎందుకలా అనిపిస్తోంది అని అడిగింది తాను. అడిగి, ఊరుకుంది. అతను గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాడు. పెట్టె అప్పటికి సర్దుకోలేదు. ఎవరైనా వెళ్లాలనుకునేవాళ్లు పెట్టె సర్దుకోకుండా అలా నిలబడతారా? ఉండు అన్న మాట ఒకటి ఉందని ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఒకరు దానికోసం నిలబడ్డారు, ఒకరు దాన్ని నమిలి మింగారు. తర్వాత పెట్టె సర్దుకున్నాడు.

సరే, అది అయిపోయింది. తొమ్మిదేళ్లయింది, తలుచుకుంటే ఇప్పుడు గుండె కూడా పెద్దగా కొట్టుకోదు. ఇలాంటి సంగతి బయటపడ్డ పేషెంటును తాను ఏం చేస్తుంది? గంట అయిపోయింది, వచ్చేవారం చూద్దాం అంటుంది. ఇక్కడ వచ్చేవారం లేదు. శుక్రవారం పన్నెండు ఉంది. రేపు తొమ్మిదిమంది ఆ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు. వాళ్లలో ఒకామె, మేకలు కాసే ఎర్మెలిందా, ఏడాదిన్నర నోరు విప్పకుండా కూర్చుని పోయిన నెలలోనే మొదలుపెట్టింది. ఆమె మాట పూర్తయ్యేదాకా తాను ఆ కొండలెక్కాలి. ఎక్కాలంటే ఆ కారు ఉండాలి, దాని అద్దాలకు ఒక పూచీ ఉండాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? వింటున్నది కొండ కాదు, కోట కాదు. రొట్టెలు తింటూ పనిచేసుకుంటున్న ఆడమనిషి, అంకె చెబితే వేస్తానంటోంది.

“సెన్యోరా,” అంది రొమీనా, మెల్లగా. “తొందరేం లేదు. కాకపోతే ఇది నిశ్శబ్దమా, ఆలోచనా? నిశ్శబ్దమైతే ఇంకో రొట్టె తింటాను.”

“ఆలోచన.”

“అయితే ఆగుతాను.”

లక్షా పదివేలు చెబుదామనుకుంది ముందు. అది తాను భరించగలిగేది. రొమీనా అడిగింది అది కాదు. భరించగలిగేది ఎంతో అందరికీ తెలుస్తూనే ఉంటుంది, ముఖం చూస్తే చాలు. కావలసింది ఎంతో చెప్పమంది. ఎనిమిదేళ్లలో ఒక్కసారి, అదీ వడగళ్ల వల్ల, తన తప్పు లేకుండా పరిహారం అడిగిన మనిషికి ఎంత న్యాయమో తనకు బాగా తెలుసు. తెలియనట్టు కూర్చోవడంలో ఇంక గొప్పతనమేమీ కనపడలేదు.

దేలియా కుర్చీలోంచి లేచింది. దివాను చుట్టూ తిరిగి వచ్చి, దాని అంచున కూర్చుని, ఫోన్ చేతిలోకి తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకుంది.

“నాకు తొంభై ఎనిమిది వేలకు కావాలి,” అంది. “వడగళ్లతో సహా. రాయండి.”